కమ్మీల అవతలి ఆడపడుచు

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్
20 ఆగస్టు 2023

చిన్నమ్మికి నీ వదిన కల్పన రాసేది.

కవరు మీద సిస్టర్ క్లేర్ అనే రాశాను, మీ అన్నయ్య పక్కన నిలబడి మరీ రాయించాడు. లోపల మాత్రం పాత పేరే. నువ్వు ముసుగు వేసుకుని ఎన్నేళ్లయినా ఈ ఇంట్లో చిన్నమ్మివే కదా. మీ మఠంలో గడప దాటనివ్వరు, ఫోను ముట్టుకోనివ్వరు కాబట్టి ఇలా కాగితం ముందేసుకుని కూర్చోక తప్పలేదు. స్కూలు మానేశాక ఇంత పొడుగు రాతలు రాయడం ఇదే.

అత్తయ్యకు ఎలా ఉందని అడిగావు. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మాట కొంచెం ముద్దగా వస్తుంది గాని అర్థమవుతుంది. కుడిచేతి వేళ్లు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. మొన్న మొదటి శుక్రవారం ఫాదర్ గారు ఇంటికి సత్ప్రసాదం తెచ్చినప్పుడు ఆ చేత్తోనే సిలువ గుర్తు వేసుకోబోయింది. చెయ్యి ఛాతీ దాకా లేచింది. ఫాదర్ మురిసిపోయి, "మాజీ, యే ఆప్‌కీ బేటీ కీ ప్రార్థనా కా ఫల్ హై" అన్నారు. అంతా నీ ప్రార్థన ఫలమేనట. వెనకాల వచ్చిన మరియదళం ఆడవాళ్లందరూ అవునవునంటూ తలలూపారు. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను.

ఏడాదిగా ఆ చేతికి పొద్దునా సాయంత్రం తైలం రాసి, ఒక్కొక్క వేలూ పట్టుకుని వంచి, చాపి, మళ్లీ వంచింది నేను. ఆ తైలం వాసన నా చేతులకు ఎక్కిపోయింది. మా నవ్య నా పక్కన కూర్చుని అన్నం తినడం లేదు, "మమ్మీ, హాథ్ ధోకే ఆవో నా" అంటుంది. కడుక్కునే వచ్చానని చెప్పినా నమ్మదు. ప్రార్థన నీది, తైలం నాది. పేరు నీకు వచ్చింది.

అత్తయ్య మంచానికి ఎదురుగా గోడ మీద ముసుగులో ఉన్న నీ ఫొటో పెట్టించుకుంది. ముందు అక్కడ మా పెళ్లి ఫొటో ఉండేది. దాన్ని తీసి ఫ్రిజ్ పక్కకు మార్చారు. నేను ఆవిడ దుప్పటి మార్చినా, ఒళ్లు తుడిచినా ఆవిడ చూపు నీ మీదే ఉంటుంది. ఒక్కోసారి ఆ ఫొటోను గోడవైపు తిప్పేద్దామా అనిపిస్తుంది. నీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? మీ అన్నయ్యతో చెబితే నవ్వుతాడు.

బి షిఫ్టు వేళయింది, ఆయనకు డబ్బా కట్టాలి. ఇక్కడితో ఆపుతున్నాను.

నీ వదిన
కల్పన


కొండ దిగువ మఠం
విజయనగరం జిల్లా
12 సెప్టెంబరు 2023

ప్రియమైన వదినగారికి,

మీ ఇంటి మీద ప్రభువు చల్లని చూపు ఉండాలని కోరుకుంటూ సిస్టర్ క్లేర్ రాసుకునే విన్నపం.

అమ్మ వేళ్లు కదిలాయన్న వార్త చదివి గుడిలోకి పరుగెత్తాను. ఇక్కడ మేము పరుగెత్తకూడదు, అయినా పరుగెత్తాను. మీరు చాలా అలసిపోయారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆ అలసటనే కానుకగా అర్పించండి వదినగారూ. సహనం ఒక్కరోజులో వచ్చేది కాదు. విసుగు వచ్చిన ప్రతిసారీ మనసులో ఒక మంగళవార్త జపం చెప్పుకుంటే రానురాను అలవాటవుతుంది. ప్రేమంటే పెద్ద పనులేమీ కాదు. తలుపు చప్పుడు కాకుండా వేయడం, ఎదుటివారు రెండోసారి చెప్పిన కథను మొదటిసారిలా వినడం, ఇలాంటివే. నేను కూడా ఇవే నేర్చుకుంటున్నాను.

మీకు మరీ కష్టంగా ఉంటే అన్నయ్యతో చెప్పి ఒక ఆయాను పెట్టించుకోండి. అమ్మకు ఎవరు చేసినా ఒకటే, చేసేవాళ్లు ప్రేమగా చేస్తే చాలు.

ఈ ఏడాది నాకు అప్పాలు చేసే పని ఇచ్చారు. పూజలో సత్ప్రసాదంగా నాలుక మీద పెట్టే అప్పాలకు పిండి కలిపి, రేకుల మధ్య కాల్చి, గుండ్రంగా కత్తిరించి ఊళ్లోని గుళ్లకు పంపుతాం. కత్తిరించగా మిగిలిన అంచులు ఇంకా ఆశీర్వదించనివే కాబట్టి మామూలు రొట్టెముక్కల్లా ఎవరైనా తినవచ్చు. అమ్మకోసం ఒక పొట్లం పంపుతున్నాను. పళ్లు లేకపోయినా నోట్లో కరిగిపోతాయి.

నవ్యకు నా ఆశీస్సులు.

ప్రభువునందు మీ
సిస్టర్ క్లేర్


భుయ్యాడీహ్
22 అక్టోబరు 2023

చిన్నమ్మికి,

ఆయానా? నిన్ను నేను ఆయా అడిగానా? నా ఉత్తరం మళ్లీ ఒకసారి తీసి చదువు. పని ఎక్కువైందని ఎక్కడైనా రాశానా? పని నాకేమీ బరువు కాదు. పర్లాకిమిడిలో మా నాయనమ్మను చూసుకున్నదాన్ని, ఈ చాకిరీ నాకు కొత్త కాదు. అమ్మకు ఎవరు చేసినా ఒకటే అన్నావు చూడు, ఆ మాట పట్టుకుని రెండు రోజులు తిండి సహించలేదు నాకు. ఎవరు చేసినా ఒకటి కాదమ్మా. ఎదురింటి ఈశ్వరి ఒకరోజు నాకు జ్వరమని వచ్చి ఆవిడకు స్నానం చేయించబోతే, మీ అమ్మ కొళాయి విప్పినట్టు తిట్టి పంపించింది.

నీ పొట్లం వచ్చింది. దాని సంగతి చెబుతాను విను. పొట్లం విప్పి, "చిన్నమ్మి పంపిందత్తయ్యా, అప్పాల అంచులు" అన్నాను. ఆవిడకు అంచులన్న మాట చెవికెక్కలేదు. ముసుగు నెత్తి మీదికి లాక్కుంది, కళ్లు మూసుకుంది, నాలుక చాపింది. ఇవి ఆశీర్వదించినవి కావు, ఉత్త పిండిముక్కలని ఎంత మొత్తుకున్నా వినలేదు. "మా అమ్మి దేవుడి కాడ నుండి పంపింది. నీకేటి తెలుసు, మోకాళ్ల మీద కూకో" అంది. కూర్చున్నాను మరి, ఏం చేయను! అంచు నాలుక మీద పెట్టాను. ఆ తర్వాత గంటసేపు ఇడ్లీ పెట్టనివ్వలేదు, నోట్లో దేవుడున్నాడట. నేను ముందురోజే రుబ్బి, మెత్తగా రావాలని అటుకులు కలిపి, తెల్లవారుజామున లేచి వేసిన ఇడ్లీ ఆవిరి చల్లారిపోయి రాయి అయింది. నువ్వు కత్తిరించి పారేసే ముక్కలకు ఇక్కడ హారతి పడుతున్నాం.

జపమాల నెల కదా, మరియతల్లి స్వరూపం ఇంటింటికీ తిరుగుతూ పదిహేనో తారీకున మా ఇంటికి వచ్చింది. నేను ఇల్లంతా కడిగి, బంతిపూల దండలు కట్టి, శనగలు తాళింపు పెట్టాను. వచ్చినవాళ్లు జపమాల అయ్యాక ఎవరి చుట్టూ చేరారంటావు? అత్తయ్య చుట్టూ. "సిస్టరమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేది, ఆవిడకు దేవుడి పిలుపు ఎప్పుడు వచ్చింది" అని. శనగలు మాత్రం అందరూ రెండోసారి కూడా పెట్టించుకున్నారు.

నాకు నీ మీద అసూయగా ఉంది. ఇక అలసట అనుకోకు. అందుకే స్పష్టంగా రాశాను.

కల్పన


కొండ దిగువ మఠం
20 నవంబరు 2023

ప్రియమైన వదినగారికి,

మీ ఉత్తరం మా మదర్ నా చేతికి ఇచ్చి, "నిదానంగా చదువు" అన్నారు. నిదానంగానే చదివాను. ఆయా మాట రాసినందుకు నన్ను మన్నించండి. సాయం చేద్దామనుకుని నొప్పించాను. అంచుల సంగతి చదివి మాత్రం నవ్వాను, తర్వాత ఏడుపు వచ్చింది. అమ్మ నా చేతి వస్తువేదో పట్టుకుని కళ్లు మూసుకుందంటే నాకు ఎలా ఉంటుందో మీరు అర్థం చేసుకోగలరు.

ఒక కోరిక ఉంది వదినగారూ. డిసెంబరు మూడు నుంచి ఆగమనకాలం. క్రిస్మస్ దాకా మాకు ఉత్తరాలు ఇవ్వరు, మేము రాయము, చూడవచ్చినవారిని కలవనివ్వరు. పాస్కాకు ముందు నలభై రోజుల తపస్కాలంలోనూ అంతే. ఈసారి విభూది బుధవారం ఫిబ్రవరి పద్నాలుగునే వస్తోంది. ఈ రెండింటికీ మధ్య జనవరి అంతా ఖాళీ. అమ్మను ఒక్కసారి తీసుకురాగలరా? టాటానగర్‌లో ఎక్కితే విజయనగరం దాకా బండి మారనక్కరలేదు. మా మాటల గదిలో కమ్మీల అవతల నేనుంటాను, ఇవతల మీరుంటారు. గంటసేపు ఇస్తారు. అమ్మకు రెండోసారి వస్తే ఏమవుతుందోనని భయంగా ఉంది. ఆ తర్వాత నేను రాలేను, ఆమె రాలేదు.

అమ్మను అడిగి చూడండి. ఆమెకు ఇష్టమైతేనే.

మీ
సిస్టర్ క్లేర్


భుయ్యాడీహ్
16 జనవరి 2024

చిన్నమ్మికి,

క్రిస్మస్ బాగా జరిగింది. అత్తయ్యకు కొత్త నేత చీర కట్టి చక్రాల కుర్చీలో గుడి దాకా తోసుకెళ్లాం. చలికి రెండు రోజులు దగ్గింది, ఇప్పుడు నయం.

ప్రయాణం సంగతి రాశావు. డాక్టరు వద్దన్నాడు. బండి కుదుపు పడకూడదట. మన చేతిలో ఏముంది? తర్వాత చూద్దాం.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. ఉంటాను.

కల్పన


కొండ దిగువ మఠం
5 ఫిబ్రవరి 2024

వదినగారికి,

మీ ఉత్తరం చాలా చిన్నది. మీరెప్పుడూ చిన్న ఉత్తరాలు రాయరు. చదివినకొద్దీ నాకొకటి తోస్తోంది, నిజమైతే దాచకుండా చెప్పండి. డాక్టరు మాట మీరు నన్ను నొప్పించకుండా ఉండడానికి రాశారేమో. అమ్మకే ఇష్టం లేదేమో.

నేను మఠంలో చేరతానన్న రోజు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా చివరి వ్రతాల రోజుకూ రాలేదు. కాళ్లనొప్పులని అన్నయ్యతో చెప్పి పంపింది. మంచానికి ఎదురుగా నా ఫొటో పెట్టించుకుందని మీరు రాశారు గాని, అది ఊరి కోసం అయి ఉండవచ్చు. మనసులో ఇంకా కోపం ఉంటే ఉండనివ్వండి, నేను అర్హురాలినే. వయసు మీదపడ్డ తల్లిని వదిలి వచ్చినదాన్ని.

అమ్మను బలవంతం చేయవద్దు. నా తరఫున ఆమె పాదాలు ముట్టుకోండి. వచ్చే వారం బుధవారం నుంచి తపస్కాలం. మళ్లీ పాస్కా పండుగ తర్వాతే మాట.

సిస్టర్ క్లేర్


భుయ్యాడీహ్
12 మార్చి 2024

చిన్నమ్మీ,

ఈ ఉత్తరం నీ చేతికి ఇప్పుడు రాదని తెలుసు. పాస్కా దాకా మీ మదర్ సొరుగులో పడి ఉంటుంది. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. పోస్టు చేసే దాకా ఈ ధైర్యం ఉంటే బాగుండు.

విభూది తీసుకున్న వారానికే పాపసంకీర్తనానికి వెళ్లాను. నా ఆడపడుచు మీద అసూయ అని చెప్పాను. కొత్త ఫాదర్ చిన్నవాడు, ఖూంటీ వైపు వాడు. జాలీ అవతల నుంచి అంతా విన్నాడు. తర్వాత, "ఈస్టర్ తక్ హర్ రోజ్ సాస్ కో అప్నీ ననద్ కీ ఏక్ అచ్ఛీ బాత్ బోల్నా" అన్నాడు. అంటే పాస్కా దాకా నేను రోజుకొకటి చొప్పున నీ మంచి చెప్పాలి, అదీ మీ అమ్మకు! జపమాలలు ఇచ్చినా చెప్పేదాన్ని, ఉపవాసాలు ఇచ్చినా ఉండేదాన్ని. ఇదేం ప్రాయశ్చిత్తమని ఫాదర్‌తోనే వాదించాను. వెనకాల వరసలో ఉన్నవాళ్లు దగ్గడం మొదలుపెట్టేసరికి లేచి వచ్చేశాను.

మర్నాడు తల దువ్వుతూ పళ్లు బిగించి మొదలుపెట్టాను. "చిన్నమ్మికి ఓపిక ఎక్కువ అత్తయ్యా." మీ అమ్మ ఏమందో తెలుసా? "ఓపికా? దానికా? సిన్నప్పుడు జడెయ్యబోతే నా సెయ్యి కొరికీసింది." ఆ తర్వాత రోజు, నువ్వు అబద్ధమాడవన్నాను. "బెల్లం తినీసి పిల్లి మీద సెప్పీది" అంది. నీ గొంతు బాగుంటుందంటే, పెద్దదే గాని శ్రుతి లేదంది. చిన్నమ్మీ, నాకు ఎంత ఆనందమో చెప్పలేను! ప్రభువు శ్రమలు తలుచుకోవలసిన కాలంలో నేను నీ మీద చాడీలు వింటూ మురిసిపోయాను. ప్రాయశ్చిత్తం ఇంత తియ్యగా ఉంటుందని ఫాదర్‌కు తెలిస్తే మార్చేసేవాడు.

అయితే నీ గురించి నాకు తెలిసిన మంచి రెండో వారానికే అయిపోయింది. నేను కాపురానికి వచ్చిన రెండేళ్లకే నువ్వు మఠానికి వెళ్లిపోయావు. నాకు గుర్తున్నదల్లా నువ్వు గుమ్మంలో కూర్చుని పెసలు ఏరడం, నా ఎర్ర చీర అడిగి కట్టుకోవడం. ఇన్నాళ్లూ అసూయపడ్డానే గాని, ఎవరి మీద పడుతున్నానో నాకే సరిగా తెలియదు. ఒకరోజు చెప్పడానికి ఏమీ దొరక్క ఊరుకున్నాను. చిక్కు తీస్తుంటే అత్తయ్యే, "ఏటే, ఇయాల దాని మాటేటీ సెప్పవేటి?" అంది. ఎదురు చూస్తోందన్నమాట. కాసేపయ్యాక, "దాన్ని సూడకుండానే ఎలిపోతానేటే కల్పనా" అంది. ఏడవలేదు, మామూలుగానే అంది.

"ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదత్తయ్యా" అన్నాను.

"నన్ను మోసుకుని బండెక్కడమంటే నీకు కట్టం కదే. ఇప్పటికే నడుం పడిపోయింది నీకు. ఎలా అడగమంటావు?" అంది.

ఆ మాటకు నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అడగలేదు కదా, ఆవిడకు అంత కోరిక లేదులే అని నన్ను నేను సమాధానపరచుకుంటూ వచ్చాను చిన్నమ్మీ. ఆవిడ నా నడుం చూసి అడగలేదు. పాస్కా అయిన వారంలో తీసుకెళ్తానని నా నోరే అనేసింది. మీ అన్నయ్య ఆ రోజే టికెట్లు తీశాడు, నేను మనసు మార్చుకుంటానని భయం కాబోలు.

నీ మీద ఆవిడకు కోపమేమీ లేదు. వ్రతాల రోజున నిజంగానే కాళ్లు వాచాయి, వాపు నేను చూశాను. డాక్టరు సంగతి మాత్రం ఇప్పుడు అడగకు.

అసూయ పోయిందనుకుంటున్నావేమో, పోలేదు. టికెట్లు చూసిన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది.

నీ వదిన
కల్పన


కొండ దిగువ మఠం
27 ఏప్రిల్ 2024

వదినా,

ఈసారి గారు రాయడం లేదు. దీవెనతోనూ మొదలుపెట్టడం లేదు. రాస్తే నటన అవుతుంది.

నువ్వు అమ్మను మాటల గది దాకా తోసుకొచ్చి, కుర్చీ కమ్మీలకు ఆనించి, ఆమె కొంగు సర్ది, నా మొహమైనా సరిగా చూడకుండా బయటికి వెళ్లిపోయావు. లోపలికి రమ్మని మా సిస్టర్ రెండుసార్లు పిలిచినా రాలేదట. వరండాలో ఎండ పడుతున్న బెంచీ మీద గంటసేపూ కూర్చున్నావట. మా ఇద్దరికే ఆ గంట వదిలేశావని అప్పుడు నాకు ఎంత కృతజ్ఞతగా అనిపించిందో.

అమ్మ ఆ గంటలో ఏం మాట్లాడిందో విను. "ఈ పాపిడి సూడు, దువ్వెనతో నెత్తి పీకీత్తాది. ఇడ్లీ కొంచెం గట్టిగుందంటే మొగం మాడ్సీత్తాది. రాతిరి నాను కదిల్తే సాలు, లెగిసి కూకుంటాది. దానికీ నిద్దరుండదు, నన్నూ పడుకోనివ్వదు. కొబ్బరినూనె వద్దంటే వినదు." నీ నూనె, నీ ఇడ్లీ, నీ కోపం, నీ నడుంనొప్పి. నా గురించి ఒక మాట వస్తుందేమోనని కమ్మీలు పట్టుకుని చూస్తూ ఉన్నాను. ఏళ్ల తరబడి నేను ప్రార్థించిన గంట అది. అందులో నువ్వు తప్ప ఎవరూ లేరు.

చివరికి నేనే అడిగాను, నన్ను చూడాలనిపించలేదా అమ్మా అని. "అనిపించక ఏటే?" అంది. జనవరిలో డాక్టరు వద్దన్నాడు కదా అన్నాను. అమ్మ తెల్లబోయి చూసింది. "ఏ డాక్టరు? క్రిస్మస్ ముందే ఆయన ఇంక ఎక్కడికైనా తిప్పమన్నాడు కదే." అప్పుడే గంట కొట్టారు. కమ్మీల సందులోంచి అమ్మ రెండు వేళ్లు నా చేతికి అందాయి, అంతే.

నాకు వచ్చిన కోపం నీకు ఎలా చెప్పను! ఫిబ్రవరి నుంచి పాస్కా దాకా అమ్మ నన్ను అసహ్యించుకుంటోందని నమ్మి ప్రతి రాత్రీ ఏడ్చాను వదినా. నీ మార్చి ఉత్తరం పండుగ రోజు చేతికి వచ్చేవరకూ నమ్మాను. పరలోక జపంలో క్షమించమనే వాక్యం దగ్గర నా నోరు మూతపడిపోయేది. అందరూ ఆ వాక్యం పలికేదాకా ఆగి, తర్వాత అందుకునేదాన్ని. మదర్ గమనించి అడిగారు. చెప్పాను. ఉపదేశం చేస్తారనుకుంటే వంటింట్లో పెద్ద డేగిసాలు తోమమన్నారు. తోముతూనే ఉన్నాను, ఇంకా కోపం పోలేదు.

కోపం కన్నా పెద్దది ఇంకొకటి ఉంది, అదీ రాసేస్తాను. అమ్మ జుట్టుకు నూనె పట్టించి నడి నెత్తిన పాపిడి తీసి, పడిపోకుండా రెండు వైపులా నల్ల పిన్నులు పెట్టావు చూడు. ఆ పిన్నులు చూసినప్పుడు నా కడుపు మండింది. నేను నీకు సహనం గురించి ఉత్తరాలు రాశాను. ఆ తల నేనెన్నడూ దువ్వలేదు, ఇక దువ్వను కూడా. నీకు నా మీద ఉన్నది ఇదేనా? ఇదే అయితే నువ్వు ఇన్నాళ్లు దీంతో ఎలా వంట చేశావు?

క్షమించానని రాస్తే అబద్ధం. క్షమించాలని ఉంది. జులై పదహారు మా కార్మెల్ మాత పండుగ. అమ్మను మళ్లీ తీసుకురా. నువ్వు కూడా లోపలికి రా.

చిన్నమ్మి


భుయ్యాడీహ్
30 జూన్ 2024

చిన్నమ్మీ,

మీ అన్నయ్య మఠానికి ఫోను చేసి మీ మదర్‌తో చెప్పాడు. నీకు తెలిసే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి కదా.

ఈ నెల మొదట్లో అత్తయ్యకు రెండోసారి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. మాట పూర్తిగా పోయింది. కుడిచెయ్యి మళ్లీ మొదటికి వచ్చింది. జులైలో తీసుకురమ్మన్నావు. తీసుకురాలేను. ఈసారి డాక్టరు నిజంగానే వద్దన్నాడు.

నువ్వు తిట్టిన ఉత్తరం దాచుకున్నాను. నీకు ఎలా క్షమించాలనిపిస్తుందో నాకు తెలియదు. జనవరిలో వచ్చి ఉంటే పాస్కాకు మళ్లీ వచ్చేవాళ్లం. నీకు రావలసిన గంట ఒకటి నేను తినేశాను. దాన్ని ఇప్పుడు ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వను? ఫాదర్‌తో ఈసారి అబద్ధం సంగతి కూడా చెప్పాను. ఆయన పాపవిమోచనం ఇచ్చాడు, నాకు మాత్రం తేలిక కాలేదు. నిన్ను ఆ ఏడుపు ఏడిపించింది నేను. నన్ను మన్నించమని అడుగుతున్నాను. నీ చేత కాకపోతే ఊరుకో, తొందర లేదు.

దీంతో ఎలా వంట చేశావని అడిగావు. ఏముంది, కడుపు మండుతూనే పొయ్యి వెలిగించాను. అత్తయ్యకు ఆకలి వేసే వేళకు నా మనసు బాగుపడదు కదా.

ఆవిడ నా మీద నీకు చెప్పినవన్నీ చదివి ముందు ఒళ్లు మండింది. కొబ్బరినూనె వద్దని నాతో ఒక్కసారైనా అనలేదు! ఇప్పుడు తిట్టడానికి ఆవిడకు నోరు లేదు. తల దువ్వేటప్పుడు ఏదో ఒకటి అంటుందేమోనని చెయ్యి ఆపి చూస్తుంటాను.

ఇంటికి వచ్చాక తిండి దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. పెదాలు బిగించేసి నోరు తెరవడం లేదు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలన్నారు. మీ అన్నయ్య బతిమాలాడు, నవ్య ఏడ్చింది, "నానీ, థోడా సా" అని. నానీ అంటే అమ్మమ్మే, నాయనమ్మను దాదీ అనాలని ఆ ఏడుపులోనూ నేను దిద్దాను. ఎవరి మాటా వినలేదు. మూడో రోజు పొద్దున్న గంజి గిన్నె పట్టుకుని కూర్చుని, విసుగెత్తి, "చిన్నమ్మికి ఏమని రాయమంటావత్తయ్యా" అన్నాను. నీ పేరు వినగానే నోరు తెరిచింది. చెంచా పెట్టాను, మింగింది. మళ్లీ "చిన్నమ్మి" అన్నాను, మళ్లీ తెరిచింది.

అప్పటి నుంచి చెంచా చెంచాకూ నీ పేరే. గిన్నె ఖాళీ అయ్యేసరికి నా గొంతు ఆరిపోతుంది. గొట్టం అక్కర్లేదని డాక్టరు అన్నాడు. పెద్ద ఫాదర్ గారు చూసి, నీ ప్రార్థన ఫలమని మళ్లీ అన్నారు. నేను అవునన్నాను.

నిన్న మీ అన్నయ్య పక్కన కూర్చుని, "ఒకసారి నీ పేరు కూడా సెప్పి సూడు కల్పనా, తెరుత్తాదేమో" అన్నాడు. నేను చెప్పలేదు. తెరవకపోతే తట్టుకోలేను చిన్నమ్మీ. తెరిస్తే ఇక రోజూ నాదే చెప్పాలనిపిస్తుంది. అందుకని చెప్పి చూడను. నీ పేరుకు ఆవిడ తింటోంది. సాయంత్రం గంజి వేళయింది, వెళ్తాను.

నీ వదిన
కల్పన